ప్రశ్నపత్రం ఏమడిగితే పిల్లలు అదే నేర్చుకుంటారు



ఈ ప్రసంగం భాషా పరీక్షల గురించి. ముందుగా మీకే ఒక చిన్న పరీక్ష పెడతాను. కాగితం, కలం అక్కర్లేదు, కాస్త చెవి ఇటు పెడితే చాలు. రెండు వాక్యాలు చదువుతాను, వినండి.

"నిన్న పొద్దున మూడు గబురులు తోపటలో చింబాయి. వాటిని చూసి సొంబడు బెదిసి, లటుకు పట్టుకుని పరుగెత్తాడు."

ఇక ప్రశ్నలు. ఎన్ని గబురులు చింబాయి? మూడు. ఎక్కడ చింబాయి? తోపటలో. ఎప్పుడు? నిన్న పొద్దున. వాటిని చూసి ఎవరు బెదిశారు? సొంబడు. ఏం పట్టుకుని పరుగెత్తాడు? లటుకు. అయిదుకి అయిదు మార్కులూ వచ్చేశాయి.

గబురు అంటే ఏమిటో మీకు తెలియదు. నాకూ తెలియదు. ఆ మాటలు ఈ ప్రసంగం కోసం కల్పించినవి. అయినా జవాబులన్నీ సరిగ్గా వచ్చాయి. ఎందుకంటే ప్రశ్నలో ఉన్న మాటని పేరాలో వెతికి, దాని పక్కనున్న మాట ఎత్తి రాస్తే చాలు. "కింది పేరా చదివి ప్రశ్నలకు జవాబులు రాయండి" అన్న ప్రశ్న కింద మన బడుల్లో లక్షల మంది పిల్లలు చేస్తున్నది చాలాసార్లు ఈ పనే. వాళ్లకి పడే మార్కుల పక్కన మనం "అవగాహన" అని రాసుకుంటాం. ఆ పరీక్ష అవగాహన జోలికే పోలేదు. వెతుకులాటని కొలిచింది, అంతే.

పరీక్ష దేన్ని కొలుస్తానని చెబుతుందో దాన్నే కొలవాలి. ఉపాధ్యాయ శిక్షణలో దీన్ని సప్రమాణత అంటారు. ఎవరు దిద్దినా, ఎప్పుడు దిద్దినా ఇంచుమించు ఒకే మార్కు రావాలి. దాన్ని విశ్వసనీయత అంటారు. డీఎస్సీకి, టెట్‌కి చదివేవాళ్లకి ఈ రెండు నిర్వచనాలూ కంఠతా వచ్చు. ఉద్యోగంలో చేరాక మొదటి యూనిట్ టెస్టు పేపరు మాత్రం గైడులోంచి దింపేవాళ్లూ ఉన్నారు. నిర్వచనం చెప్పగలగడం, దాన్ని పేపరులోకి తేగలగడం రెండూ వేరువేరు అనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

పరీక్ష అంటే పిల్లల తెలివికి ముద్ర వేసే చివరి తంతు అనుకుంటాం. నిజానికి అది చదువు మొదలయ్యే చోటు. జూన్‌లో బడి తెరిచేసరికే మార్చిలో ఏ ప్రశ్నలు వస్తాయో అందరికీ ఒక అంచనా ఉంటుంది. ఆ అంచనాని బట్టే పాఠం చెబుతారు, గైడు అచ్చవుతుంది, తల్లిదండ్రులు ఇంట్లో కూర్చోబెట్టి చదివిస్తారు. పాఠ్యపుస్తకం ఎంత బాగా రాసినా, ప్రశ్నపత్రం అడగని పేజీ తెరుచుకోదు.

ఇది ఈనాటి సంగతి కూడా కాదు. 1862లో ఇంగ్లండులో ఒక పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తాడు. ఎంతమంది గట్టెక్కితే ఆ బడికి అంత గ్రాంటు. ఫలితాన్ని బట్టి చెల్లింపు అన్నమాట. పంతుళ్లు ఏం చేశారు? వాచకం మొత్తం పిల్లల చేత వల్లె వేయించారు. ఇన్‌స్పెక్టరు ఏ పేజీ తీసినా పిల్లవాడు గడగడా అప్పజెప్పేవాడు. కవిగా పేరుపొందిన మాథ్యూ ఆర్నాల్డ్ అప్పట్లో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. చదువు యాంత్రికమైపోతోందని ఆయన తన నివేదికల్లో గట్టిగా విమర్శించాడు. ఫలితాల గ్రాంటు పద్ధతి మన మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది.

మన భాష చరిత్రలో అతిపెద్ద తగాదా కూడా ఒక పరీక్ష దగ్గరే ముదిరిందన్న సంగతి మనం తరచు మరిచిపోతాం. వ్యావహారిక భాషోద్యమం అనగానే గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు గుర్తొస్తారు. ఆగస్టు 29న గిడుగు పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ ఉద్యమం కావ్యాల గురించో నాటకాల గురించో పుట్టిన వాదంగా చెప్పుకుంటాం. 1911 తరవాతి మూడు నాలుగేళ్లలో వాదం వేడెక్కింది మాత్రం స్కూలు ఫైనల్ విద్యార్థి, కాలేజీ విద్యార్థి పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న ప్రశ్న మీద. కాంపోజిషన్ పేపరు అనేవారు దాన్ని. గ్రాంథికంలోనే రాయాలని జయంతి రామయ్య పంతులు, ఆయన వెనక ఆంధ్ర సాహిత్య పరిషత్తు. శిష్టులు మాట్లాడే తెలుగులో రాయనివ్వాలని గిడుగు, గురజాడ, వాళ్లకి తోడుగా ఇన్‌స్పెక్టరు ఏట్స్ దొర. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో ఎక్కువమంది గ్రాంథికం వైపు మొగ్గారు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు.

ఆ అసమ్మతిని పరీక్షల నిర్మాణం వైపు నుంచి చూడండి. పిల్లవాడికి ఒక విషయం మీద ఆలోచన ఉంది. దాన్ని తెలుగులో చెప్పగలడు. కానీ ఎవరూ మాట్లాడని తెలుగులో రాస్తేనే మార్కులు. అప్పుడు ఆ పేపరు కొలిచేది రచనా శక్తినా, పాత రూపాల జ్ఞాపకాన్నా? గిడుగు ఇంకో అడుగు ముందుకి వేశారు. గ్రాంథికం కావాలన్న పండితుల రాతలే తీసుకుని, అందులో వాళ్ల వ్యాకరణం ప్రకారమే ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించారు. పరీక్ష పెట్టేవాడే నెగ్గలేని ప్రమాణాన్ని పదహారేళ్ల పిల్లవాడి మీద పెట్టడం ఏం న్యాయం? ఆయన వాదంలోని పదును అదే. ప్రశ్నపత్రం తయారుచేసే ప్రతివాళ్లూ ఈ సూత్రం గోడకి అంటించుకోవాలి. నీ పేపరు నువ్వు పుస్తకం మూసి, పిల్లలకిచ్చే సమయంలోనే రాసి చూసుకో. నీకే ఊపిరి సలపకపోతే ఆ పేపరు చించెయ్యి.

సరే, మంచి పేపరు ఎలా తయారవుతుంది? ప్రశ్నలు రాయడంతో మొదలుపెట్టకూడదు. ఈ పరీక్ష ఎందుకు అన్నదానితో మొదలుపెట్టాలి. కొత్తగా చేరిన పిల్లవాణ్ణి ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తెలుసుకోవడానికా? ఎక్కడ వెనకబడ్డాడో పట్టుకోవడానికా? చెప్పిన పాఠం ఎంత అందిందో చూడటానికా? మొత్తం మీద తెలుగులో ఏ పని చేసుకోగలడో తేల్చడానికా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు పరీక్షలు. ఒకే పేపరుతో నాలుగూ తేల్చాలని చూస్తే ఒక్కటీ తేలదు.

ఎందుకన్నది స్పష్టంగా ఉంటే పరీక్ష ఎంత చిన్నదైనా ఎంత పని చేస్తుందో చూడటానికి 'అసర్' మంచి ఉదాహరణ. ప్రథమ్ సంస్థ 2005 నుంచి దేశమంతా పల్లెల్లో జరుపుతున్న సర్వే ఇది. కార్యకర్త పిల్లల ఇంటికే వెళ్తాడు. ఒక్కొక్కళ్లతో విడిగా కూర్చుంటాడు. చేతిలో ఒకే ఒక కాగితం. అందులో కొన్ని అక్షరాలు, కొన్ని తేలిక మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ. మొదట పేరా చదవమంటాడు. సాఫీగా చదివితే కథ ఇస్తాడు. తడబడితే మాటల దగ్గరికి, అక్కడా ఆగిపోతే అక్షరాల దగ్గరికి వస్తాడు. అయిదు మాటల్లో నాలుగు చదివితే మాటలు వచ్చినట్టే లెక్క. మార్కులు లేవు, ర్యాంకులు లేవు. పిల్లవాడు హాయిగా నిలబడగలిగిన మెట్టు ఏదో రాసుకుంటాడు. అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవలేనివాళ్లు ఇంతమంది ఉన్నారా అని దేశం ఉలిక్కిపడింది ఈ కాగితం వల్లే. అది కొలిచేది బయటికి చదవగలగడాన్ని మాత్రమే. అంతకుమించి కొలుస్తానని చెప్పుకోదు కూడా. మన పేపర్లకి ఉండాల్సింది ఆ నిజాయితీ.

ఎందుకో తేలాక, పిల్లలు ఏం చేయగలగాలో రాసుకోవాలి. ఐరోపా దేశాల మండలి 2001లో భాషా సామర్థ్యాలకి ఒక చట్రం తెచ్చింది. ఆరు మెట్లు. ప్రతి మెట్టునీ వ్యాకరణ అంశాలతో కాకుండా "చేయగలరు" అన్న మాటతో వివరించారు. తెలిసిన విషయం మీద చిన్న ఉత్తరం రాయగలరు, దారి అడిగి తెలుసుకోగలరు, ఇలాగ. మన పదో తరగతి పేపరులో కూడా అవగాహన-ప్రతిస్పందన, వ్యక్తీకరణ-సృజనాత్మకత, భాషాంశాలు అని మూడు శీర్షికలున్నాయి. పేర్లు బాగున్నాయి. చిక్కల్లా శీర్షిక కింద కూర్చునే ప్రశ్నతోనే. సృజనాత్మకత కింద గైడులో ఉన్న ప్రశ్నే ఇచ్చి, గైడులో ఉన్న జవాబే రాస్తే పూర్తి మార్కులు వేస్తే, అక్కడ జరిగిన సృజన గైడు రాసినాయనది.

ఏ సామర్థ్యానికి ఎన్ని మార్కులో, ఎన్ని తేలిక ప్రశ్నలో, ఎన్ని కష్టమైనవో ముందే గళ్లు గీసుకుని పంచుకోవాలి. దాన్నే భారత్వ పట్టిక అంటాం, బ్లూప్రింట్ అన్నా అదే. అది లేకుండా రాస్తే మనకి తెలియకుండానే జ్ఞాపకశక్తి ప్రశ్నలు పేపరంతా ఆక్రమిస్తాయి. అవి రాయడం తేలిక, దిద్దడం ఇంకా తేలిక మరి.

ఇప్పుడు ప్రశ్నల దగ్గరికి వద్దాం. చదివి అర్థం చేసుకోవడాన్ని పరీక్షించాలంటే పేరా పిల్లలు అంతకుముందు చూడనిదై ఉండాలి. పాఠంలోని పేరానే ఇస్తే, చదవకుండానే జవాబు రాసేస్తారు. పత్రికలో చిన్న వార్త కావచ్చు, బస్సు టైముల పట్టిక కావచ్చు, మందు సీసా మీది సూచనలు కావచ్చు, ఒక చిన్న కథ కావచ్చు. ప్రశ్న పేరాలోని మాటల్నే తిప్పి అడగకూడదు. "రంగయ్య ఎక్కడికి వెళ్లాడు" అనడం కన్నా, "రంగయ్య సంతోషంగా వెళ్లాడా, తప్పనిసరై వెళ్లాడా? ఏ వాక్యాన్ని బట్టి చెప్పగలవు?" అని అడిగితే, పిల్లవాడు వాక్యాల మధ్య దాగిన సంగతి తవ్వి తీయాలి. ఇంకో తనిఖీ కూడా ఉంది. పేరా దాచేసి, ప్రశ్నలు మాత్రం ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి. లోకజ్ఞానంతోనే జవాబులు చెప్పేస్తే ఆ ప్రశ్నలకి పేరాతో పనే లేదన్నమాట.

పదజాలం ప్రశ్నలు విడి మాటల మీద అడగడం మనకి అలవాటు. "కరము అంటే అర్థం ఏది? చేయి, కిరణం, తొండం, పన్ను." నాలుగూ సరైనవే. పేపరు రాసినాయన మనసులో ఏదుందో ఊహించిన పిల్లవాడికి మార్కు, భాష ఎక్కువ తెలిసిన పిల్లవాడికి అయోమయం. అదే మాటని వాక్యంలో పెట్టి, "రాజు రైతుల దగ్గర అధిక కరం వసూలు చేశాడు" అని ఇస్తే గొడవే లేదు. మాట బతికేది వాక్యంలో కాబట్టి అడగడం కూడా అక్కడే అడగాలి.

నాలుగింట్లో ఒకటి గుర్తించమనే ప్రశ్నలంటే చాలామందికి తేలిక పని అనిపిస్తుంది. నిజానికి మంచివి రాయడం మహా కష్టం. తప్పు జవాబులు మూడూ తెలియని పిల్లవాడికి నమ్మబుద్ధి కావాలి. తెలిసిన పిల్లవాడికి తప్పని తేలిపోవాలి. సరైన జవాబు మిగతావాటికన్నా పొడుగ్గా ఉంటే పిల్లలు ఇట్టే పసిగడతారు. పైగా ఇలాంటివి ఇరవై ఇస్తే, కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినా సగటున అయిదు తగులుతాయి. పెద్ద పెద్ద సంఖ్యలో దిద్దాల్సినప్పుడు అవి తప్పవు, నిజమే. కానీ గుర్తు పెట్టిన పిల్లవాడు వాక్యం రాయగలడని మాత్రం అనుకోవద్దు.

వ్యాకరణం సంగతి. "వానలు పడితే పంటలు పండుతాయి. ఇది ఏ వాక్యం?" చేదర్థకం అని రాస్తాడు, ఒక మార్కు. ఆ పేరు జీవితంలో ఎన్నిసార్లు అక్కరకొస్తుంది? ఇలా అడిగి చూడండి. "మీ చెల్లెలు అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటబోతోంది. పరిగెత్తితే ఏమవుతుందో హెచ్చరిస్తూ ఒక్క వాక్యం రాయండి." పిల్లవాడు "-తే" వాడక తప్పదు. నియమం పేరు తెలియకపోయినా నియమం చేతిలో ఉందో లేదో బయటపడుతుంది. సంధులు, సమాసాలు, ఛందస్సు అక్కర్లేదని నేననడం లేదు. పద్యం రుచి తెలియాలంటే గణాల నడక తెలియాలి. అయితే గణవిభజన చేసినవాడికి పద్యం చదవడం కూడా రావాలి కదా.

భాషని ముక్కలుగా విడగొట్టి అడగాలా, మొత్తంగా అడగాలా అన్న వాదం ప్రపంచమంతా నడిచింది. 1961లో రాబర్ట్ లాడో ధ్వనులు, మాటలు, వాక్య నిర్మాణం విడివిడిగా పరీక్షించే పద్ధతిని వివరంగా పుస్తకం చేశాడు. అదే ఏడాది జాన్ కారల్, అన్నీ కలగలిసిన వాడుకని కూడా చూడాలన్నాడు. అంతకుముందే, 1953లో విల్సన్ టేలర్ అనే ఆయన ఒక తేలిక ఉపాయం చెప్పాడు. ఒక పేరాలో వరసగా ఇన్నో మాట అని లెక్కపెట్టి తీసేయడం, ఆ ఖాళీలు పూరించమనడం. దాన్ని క్లోజ్ పద్ధతి అంటారు. ఖాళీ పూరించాలంటే ముందు వాక్యం, తరవాతి వాక్యం, పేరా మొత్తం పట్టుబడాలి. తెలుగులో ఇది చేసేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. మన మాట ఒక్కటే చాలా బరువు మోస్తుంది. "ఇంట్లోంచి" అన్న ఒక్క మాట తీసేస్తే ఇంగ్లీషులో మూడు మాటలు పోయినట్టు. అందుకని ఖాళీలు దూరందూరంగా పెట్టాలి. సందర్భానికి నప్పే మాట ఏది రాసినా మార్కు ఇవ్వాలి.

ఇక రచన. "చెట్ల ఉపయోగాలు అనే అంశంపై వ్యాసం రాయండి." ఈ ప్రశ్నకి జవాబు ఏడో తరగతి నుంచి పిల్లల నోట్సులో ఉంది. దీన్నే మార్చి చూడండి. "మీ బడి ఆవరణలో ఉన్న వేపచెట్టు కొట్టేసి సైకిల్ షెడ్డు కట్టాలని హెడ్మాస్టరు గారు అనుకుంటున్నారు. మీ అభిప్రాయం చెబుతూ ఆయనకి పది వాక్యాల ఉత్తరం రాయండి. షెడ్డు ఇంకెక్కడ కట్టవచ్చో సూచించండి." ఇప్పుడు ఎవరికి రాస్తున్నాడో తెలుసు, ఎందుకు రాస్తున్నాడో తెలుసు. పెద్దాయన కాబట్టి మర్యాద తప్పకూడదు. ఒప్పించాలి కాబట్టి కారణాలు కావాలి. ఉత్తి ఉపయోగాల జాబితా పనికిరాదు. గైడులో జవాబు దొరకదు, దొరికినా సరిపోదు. చెట్టు కొట్టడమే మంచిదని వాదించినా, వాదన బాగుంటే మార్కులు వేయాలి. మనం పరీక్షిస్తున్నది భాషని. అభిప్రాయాలకి మార్కులు వేయడం మన పని కాదు.

ఇలాంటి ప్రశ్న వేయగానే టీచర్లు అడిగేది ఒకటే. "దిద్దడం ఎలా అండీ?" న్యాయమైన ప్రశ్న. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఇంగ్లీషు జవాబు పత్రాల నకళ్లు తీసి వంద మందికి పైగా టీచర్లకి పంపించి దిద్దమన్నారు. ఒకే జవాబు పత్రానికి ఒకరు యాభై దగ్గర ఆగితే, ఇంకొకరు తొంభై దాటించారు. పిల్లవాడు పాసా, ఫెయిలా అన్నది కాగితం ఎవరి బల్ల మీద పడిందన్న దాన్ని బట్టి ఉందన్నమాట. మన స్పాట్ వాల్యుయేషన్ కేంద్రాల్లో రోజంతా కట్టలు దిద్దినవాళ్లకి, పొద్దున చెయ్యి, సాయంత్రం చెయ్యి ఒకటి కాదని తెలుసు.

దీనికి మందు ఉంది. పేపరుతోపాటే మార్కుల సూచిక తయారుచేయాలి. ఆ ఉత్తరానికి పది మార్కులైతే, విషయానికి, కారణాలకి నాలుగు, వాక్యాల వరసకి రెండు, భాషకి మూడు, తేదీ, సంబోధన, సంతకం వంటి రూపానికి ఒకటి. ఆ సూచిక పిల్లలకి కూడా ముందే తెలియాలి. దిద్దడం మొదలెట్టే ముందు నాలుగైదు కాగితాలు ఇద్దరు ముగ్గురు కలిసి చదివి, ఏది ఎనిమిది, ఏది అయిదు అన్నది ఒప్పుకోవాలి. ఒక పిల్లవాడి కాగితం మొత్తం ఒకేసారి కాకుండా, అందరి మొదటి ప్రశ్న, తరవాత అందరి రెండో ప్రశ్న, అలా దిద్దితే చెయ్యి నిలకడగా ఉంటుంది. పేరు కనబడకుండా మడిస్తే ఇంకా మంచిది. ఒకే మాటని ఒక పిల్లవాడు నాలుగుసార్లు తప్పు రాస్తే అది ఒక తప్పే. చేతిరాత ముత్యాల్లా ఉందని విషయం మార్కులు పెంచకూడదు.

అయితే నిలకడ ఒక్కటే ఉంటే సరిపోదు. ప్రతిసారీ వంద గ్రాములు తక్కువ చూపే తక్కెడ కూడా నిలకడైనదే. అందరూ ఒకేలా దిద్దగలిగిన పరీక్ష పనికిమాలిన విషయాన్ని కొలుస్తూ ఉండొచ్చు. దిద్దడం తేలికని ఒక్క మాట జవాబుల పేపరు ఇచ్చేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బాక్‌మన్, పామర్ అనే పరీక్షా నిపుణులు 1996లో రాసిన పుస్తకంలో ఒక మంచి మాట తేల్చారు. పరీక్షకి ఉండాల్సిన గుణాలన్నీ ఒకేసారి నిండుగా దొరకవు. విశ్వసనీయత, సప్రమాణత, నిజజీవితానికి దగ్గరగా ఉండటం, చదువు మీద పడే ప్రభావం, ఆచరణలో కుదరడం, ఇలాంటివన్నిటినీ సందర్భాన్ని బట్టి సరితూచుకోవాలి. అరవై మంది పిల్లలకి ఒక్కరే టీచరు ఉన్న బడిలో ప్రతి వారం ఉత్తరం రాయించి దిద్దడం కుదరదు. నెలకి ఒకటి కుదురుతుంది. కుదిరేదే పెట్టండి, కాని పెట్టడం మానకండి.

తరవాతది న్యాయం. సముద్రం ఒడ్డున సాయంత్రం గురించి వర్ణించమంటే భీమిలి పిల్లవాడు రాసినట్టు ఆదిలాబాద్ పిల్లవాడు ఎలా రాస్తాడు? అక్కడ భాషకన్నా ముందు అనుభవం పరీక్షకి నిలబడుతుంది. ఒకే కాయని ఒకచోట ఆనపకాయ అంటారు, ఇంకోచోట సోరకాయ అంటారు. వేరుశనగల్ని తెలంగాణలో పల్లీలంటారు, కర్నూలు వైపు బుడ్డలంటారు. పేరాలో అలాంటి మాట వచ్చి, దాని మీదే జవాబు ఆధారపడితే, తప్పు పిల్లవాడిది కాదు. వచ్చాడు, వచ్చిండు, వచ్చినాడు, వచ్చేడు. ఇవన్నీ తెలుగే. ఎక్కడ ఏ రూపం ఎదురుచూస్తున్నామో ప్రశ్నలోనే చెప్పాలి. అర్జీలో పత్రికల భాష కావాలంటే కావాలని రాయండి. కథలో సంభాషణ రాయమంటే ఇంటి భాష రానివ్వండి. ఒకప్పుడు గ్రాంథికం పేరుతో పిల్లల నోరు కట్టారని మనం బాధపడతాం. ఒక ప్రాంతపు తెలుగునే ఒప్పు అని తక్కిన తెలుగులకి ఎర్ర సిరా పూస్తే మనం చేస్తున్నదీ అదే పని.

ఇంట్లో సవర, కోయ, గోండు, కొలామి మాట్లాడే పిల్లలకి తెలుగు రెండో భాష. గిడుగు సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలో వాచకాలు రాసి బడి పెట్టించినవాడు. ఆయన వారసులమని చెప్పుకునే మనం, ఆ పిల్లల తెలుగుని విజయవాడ పిల్లల తెలుగుతో ఒకే కొలతలో తూచకూడదు. అమెరికాలో 'మనబడి' అనే తెలుగు నేర్పే తరగతులకి వెళ్లే పిల్లల సంగతి ఇంకో రకం. అమ్మమ్మ ఫోనులో చెప్పేదంతా అర్థమవుతుంది, జవాబు చెప్పడానికి మాటలు వెతుక్కుంటారు, రాయాలంటే ఒత్తుల దగ్గర ఆగిపోతారు. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగూ విడివిడిగా చూస్తేనే ఆ పిల్లవాడి తెలుగు ఎంతుందో తెలుస్తుంది. ఒక్క రాతపరీక్ష పెట్టి సున్నా వేస్తే, వాడి చెవిలో ఉన్న తెలుగుని లేదని అబద్ధం చెప్పినట్టే.

ఇంతకీ వినడం, మాట్లాడటం ఎక్కడున్నాయి మన పరీక్షల్లో? 1913లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం విదేశీయులకి ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష మొదలుపెట్టింది. మొదటిసారి రాసినవాళ్లు ముగ్గురే, ముగ్గురూ తప్పారు. దాదాపు పన్నెండు గంటల పరీక్ష మరి! అంత పాతకాలపు పరీక్షలో కూడా బిగ్గరగా చదవడం, సంభాషణ ఉన్నాయి. వందేళ్లు దాటాక, మన పదో తరగతి తెలుగు పబ్లిక్ పరీక్షలో పిల్లవాడు చెవి పెట్టి వినాల్సిన పనీ లేదు, నోరు విప్పాల్సిన పనీ లేదు. అందుకే తరగతిలో కూడా ఆ రెండూ లేవు. ఖర్చు ఎక్కువని అంటారు. పబ్లిక్ పరీక్షలో కష్టమే, ఒప్పుకుంటాను. బడిలో పెట్టే పరీక్షకి ఏం అడ్డం? రేడియోలో అయిదు నిమిషాల ప్రాంతీయ వార్తలు వినిపించి నాలుగు ప్రశ్నలు వేయవచ్చు. "ముఖ్యమైన వార్త ఏది? మీ ఊరికి సంబంధించినది ఉందా? వాన గురించి ఏం చెప్పారు?" ఇద్దరిద్దరు పిల్లల్ని పిలిచి, ఒకరిని బస్సు కండక్టరుగా, ఇంకొకరిని చిల్లర లేని ప్రయాణికుడిగా మూడు నిమిషాలు మాట్లాడుకోమనవచ్చు. వారానికి నలుగురైదుగురి చొప్పున చూసినా ఒక టర్ములో తరగతంతా పూర్తవుతుంది.

చివరగా ఒక పని. పరీక్ష అయిపోయి మార్కులు ఎక్కించగానే పేపరు అటక ఎక్కుతుంది. ఎక్కనివ్వకండి. తరగతిలో నలభై మంది ఉంటే ఎక్కువ మార్కులొచ్చిన పదిమంది కాగితాలు ఒక పక్క, తక్కువ వచ్చిన పదిమందివి ఇంకో పక్క పెట్టండి. ఒక్కో ప్రశ్న తీసుకుని, పై పదిమందిలో ఎందరు సరిగ్గా రాశారు, కింది పదిమందిలో ఎందరు అని లెక్క చూడండి. పైన ఎనిమిది, కింద మూడు వస్తే అది మంచి ప్రశ్న. రెండు పక్కలా పదికి పది వస్తే అది ఎవరినీ వేరు చేయలేదు. రెండు పక్కలా సున్నా వస్తే, ఆ పాఠం మళ్లీ చెప్పాలి. పైన మూడు, కింద ఆరు వచ్చిందనుకోండి, లోపం ప్రశ్నలో ఉంది. బాగా చదివినవాళ్లకి రెండో అర్థం తోచిందన్నమాట, లేదా మీ జవాబుల కీ తప్పయి ఉంటుంది. గంట సేపటి పని ఇది. కంప్యూటర్ అక్కర్లేదు. ఇలా నిలబడిన ప్రశ్నల్ని ఒక పుస్తకంలో ఎక్కించుకుంటూ పోతే, నాలుగేళ్లలో మీ బడికి సొంత ప్రశ్నల నిధి తయారవుతుంది. పక్క బడి టీచరుతో మార్చుకుంటే అది రెట్టింపవుతుంది.

ఉపాధ్యాయ మిత్రులకి నా మనవి. ఈసారి పేపరు రాసేటప్పుడు ప్రతి ప్రశ్న పక్కనా పెన్సిలుతో ఒక్క క్రియ రాయండి. ఈ ప్రశ్నకి పిల్లవాడు ఏం చేస్తాడు? గుర్తు తెచ్చుకుంటాడా, వెతుకుతాడా, ఊహిస్తాడా, ఒప్పిస్తాడా, వివరిస్తాడా? పేపరంతా "గుర్తు తెచ్చుకుంటాడు" అనే వస్తే సగం ప్రశ్నలు మార్చండి. తల్లిదండ్రులకి కూడా ఒక మాట. పిల్లలు తెలుగు పరీక్ష రాసి ఇంటికి రాగానే "ఎన్ని వస్తాయి" అని అడుగుతాం. ముందు ఆ ప్రశ్నపత్రం తీసుకుని మీరే చదవండి. అందులో ఉన్నది మీ పిల్లలకి కావలసిన తెలుగేనా అని చూడండి. కాదనిపిస్తే బడికి వెళ్లి అడగండి. పేపర్లు మారనిదే పాఠాలు మారవు. పేపర్లు మారాలని అడిగే హక్కు మీకుంది.